చెరువు ఎండిన ఏట గబ్బిలాలు తగ్గుతున్నాయి: ఎండ వల్లా, నీళ్ళు లేకా, తిండి లేకా?

మొరవకట్ట · చిత్తూరు

చిత్తూరు పక్క మామిడితోటల మధ్య ఒక చెరువు. కట్ట కింద చింతతోపు, తోపు కొసన రెండు మర్రిచెట్లు. పండ్లు తినే పెద్ద గబ్బిలాలు తరతరాలుగా అక్కడే వేలాడుతున్నాయి. కార్తీకంలో వానలు బాగా పడి చెరువు నిండి మొరవ (అలుగు) పోయిన ఏట తోపు నిండుగా ఉంటుంది. ఈశాన్య వానలు ఎగ్గొట్టిన ఏడు మాఘం దాటేసరికి చెరువు నెర్రెలిస్తుంది. ఆ ఎండాకాలం చెట్ల కింద చచ్చినవి కనబడతాయి, పైన ఉన్నవీ పలచబడతాయి.

తగ్గినవన్నీ చచ్చినట్టేనా, వేరే చోటికి పోయినట్టా? చంపేది ఎండా, నీళ్ళ కరువా, తిండి కరువా, ఎలా తేల్చుకోవాలి? లెక్క ఎట్లా పెట్టాలి? ఎండ ముదిరిన రోజున ట్యాంకరుతో చెట్ల మీద నీళ్ళు కొడదామని ఊళ్ళో కొందరు, నిపా (గబ్బిలాల నుంచి మనుషులకు సోకే వైరస్ జబ్బు) భయంతో టపాసులు కాల్చి తరిమేద్దామని ఇంకొందరు. రెండింటి మీదా తెలిసినవాళ్ళు సూటిగా చెప్పండి.

శేషాచలం నీడ · తిరుపతి

ముందు టపాసుల మాట. ఏప్రిల్, మే నెలల్లో ఆ పని చేస్తే ఎండ చంపని వాటిని ఊరే చంపినట్టవుతుంది. ఈ పెద్ద గబ్బిలం (టెరోపస్ మీడియస్) జులై నుంచి అక్టోబరు దాకా జతకడుతుంది. చూలు దాదాపు అయిదు నెలలు. ఈనేది ఫిబ్రవరి, మే మధ్య. ఏడాదికి సాధారణంగా ఒకటే పిల్ల. మొదటి వారాలు ఆ పిల్ల తల్లి పొట్టను కరుచుకునే ఉంటుంది, తల్లి మేతకు పోయినా దాన్ని మోసుకునే పోతుంది. పట్టపగలు చప్పుడుకు గుంపు లేస్తే పిల్లలు రాలతాయి. తల్లులు నడినెత్తిన ఎండలో ఎగిరి ఒంటివేడి పెంచుకుంటాయి. ఒక్క ఏడాది పిల్లలు పోతే ఆ నష్టం అదే ఏడాది పూడదు, మళ్ళీ ఈత వచ్చే ఏడే.

ఇప్పుడు ఎండ. గబ్బిలానికి మనలాగా చెమట పట్టి ఒళ్ళు చల్లబడదు. వేడి పెరిగేకొద్దీ అది చేసే పనులు ఒక వరసలో ఉంటాయి. మొదట ఒక రెక్కను విసనకర్రలాగా నెమ్మదిగా ఆడిస్తుంది. తర్వాత పైకొమ్మ వదిలి నీడ ఉన్న కిందికొమ్మకు దిగుతుంది. అదీ చాలకపోతే నోరు తెరిచి ఎగపోస్తుంది. ఆఖరున నాలుకతో రొమ్ము మీద, రెక్కల మీద ఉమ్మి పూసుకుంటుంది. ఆ తడి ఆరుతుంటే ఒళ్ళు కాస్త చల్లబడుతుంది. దీన్నీ దాటితే గుంపులు గుంపులుగా మాను కిందిభాగానికి దిగి ఒకదాని మీద ఒకటి పడతాయి. ఆ ముద్దలోనే చావులు మొదలవుతాయి, ఎందుకంటే లోపలున్న వాటికి గాలి ఆడదు, పక్కదాని వేడి కూడా తగులుతుంది.

ఆస్ట్రేలియాలో 2002 జనవరి 12న న్యూ సౌత్ వేల్స్‌లోని 9 కాలనీల్లో ఒక్క రోజులో 3,500కు పైగా చచ్చాయి, ఆ రోజు ఎండ 42 డిగ్రీలు దాటింది. 2018 నవంబరులో కెయిర్న్స్ ప్రాంతంలో దాదాపు 23,000 కళ్ళద్దాల గబ్బిలాలు పోయాయి, ఆ దేశంలో ఆ జాతి మొత్తంలో అది మూడోవంతు. మన దేశంలో 2020 మేలో గోరఖ్‌పూర్ జిల్లాలో మన పెద్ద గబ్బిలాలే వందల్లో రాలాయి. బరేలీలోని పశువైద్య పరిశోధన సంస్థ పరీక్షించి ఎండదెబ్బేనని చెప్పింది. 42 అన్నది ఆస్ట్రేలియా జాతుల దగ్గర తేలిన గీత. మన జాతి దానికి దగ్గరి చుట్టమే కాబట్టి హెచ్చరిక గీతగా పెట్టుకోవచ్చు. మే నెలలో ఆ గీత దాటే రోజులు తిరుపతి పక్క కొత్త కాదు.

మీరు ఎండా, నీళ్ళా అని విడదీసి అడిగారు. అవి విడిగా పనిచేయవు. ఎగపోసినా, ఉమ్మి పూసుకున్నా ఖర్చయ్యేది ఒంట్లోని నీళ్ళే. ముందురోజు రాత్రి కడుపునిండా తాగిన తల్లికీ, చెరువు ఎండి తాగలేకపోయిన తల్లికీ అదే 42 డిగ్రీలు ఒకటి కాదు. పాలిచ్చే తల్లికి నీళ్ళు మరీ ఎక్కువ కావాలి. అక్టోబరు, డిసెంబరు మధ్య పడని వాన మే నెల చావుగా బయటపడేది ఈ దారిలోనే.

చచ్చినవాటిని బట్టి కారణం పట్టుకోవాలంటే సమయం, చోటు చూడండి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి అయిదు మధ్య, ఒకటి రెండు రోజుల్లోనే, చాలా చెట్ల కింద, తల్లులూ పిల్లలూ ఎక్కువగా పడితే అది ఎండ. వారాల తరబడి రోజుకు ఒకటి రెండు పడుతూ, రొమ్ము ఎముక కత్తి అంచులాగా పైకి తేలి ఉంటే అది ఆకలి. అటువంటప్పుడు పగలే మేతకు ఎగరడం, ఆకులు నమిలి రసం పీల్చి పిప్పి ఉమ్మేయడం కనబడుతుంది. చెట్ల కింద ఆకుపిప్పి ఉండలు ఎక్కువైతే రాసుకోండి. తోపులో కాకుండా కరెంటు తీగల కింద ఒంటరిగా పడి ఉంటే, రెక్క పొర కాలి ఉంటే అది షాకు. రెక్కలు చాస్తే 1.2 మీటర్లు దాటుతుంది కాబట్టి రెండు తీగలు ఒకేసారి తగలడం తేలిక. కరువు ఏట బోరుబావుల మోటార్ల తీగల మధ్య తిరిగి తిరిగి తోటల్లో మేయాల్సి వస్తుంది, కాబట్టి ఈ లెక్క కూడా కరువు పద్దులోకే వస్తుంది. చల్లటి రోజున ఉన్నట్టుండి చాలా చచ్చినా, కిందపడినవి వణుకుతూ కొట్టుకుంటున్నా జబ్బో, పురుగుమందో అనుకుని పశుసంవర్ధక శాఖకు కబురు చేయాలి.

లెక్క విషయం సాయంత్రం వేరుగా రాస్తాను.

కోనలో కొలను · భాకరాపేట

నీళ్ళ సంగతి నేను పూర్తిచేస్తాను. పెద్ద గబ్బిలం గట్టున దిగి తాగదు. నీటి మీదుగా బాగా కిందికి ఎగురుతూ పొట్ట ముంచి, చెట్టుకు తిరిగొచ్చి బొచ్చుకు పట్టిన నీళ్ళు నాకుతుంది. అందుకు దానికి అడ్డులేని వెడల్పైన నీటితలం కావాలి. చెరువు చిక్కిపోయి నడుమ మడుగు మిగిలి, చుట్టూ సర్కారుతుమ్మ కమ్మేస్తే నీళ్ళున్నా అందవు. కాబట్టి వేసవికి ముందు చేయగలిగిన మేలైన పని, చెరువులో అన్నిటికన్నా లోతైన మడుగును గుర్తించి, గాలివాటున ఒక పక్క నుంచి ఇంకో పక్కకు సర్కారుతుమ్మ కొట్టేసి ఎగిరే దారి తెరవడం. కనీసం 30 మీటర్ల పొడవు తెరిపి ఉంటే మంచిది. ఆ దారికి అడ్డంగా మోటారు తీగ ఉంటే పక్కకు మార్పించండి. పూడిక తీసేటప్పుడు చెరువంతా ఒకే మట్టానికి చదును చేస్తున్నారు, అది తప్పు. ఒక మూల లోతుగా వదిలితే నీళ్ళు ఇంకో నెల నిలుస్తాయి.

మీరు పెద్దవాటి గురించే అడిగారు గానీ, పాత మండపాల్లో, బండల చీలికల్లో ఉండే చిన్న గబ్బిలాల మాటా ఇక్కడ రావాలి. దేశంలో 130కి పైగా గబ్బిలం జాతులుంటే అందులో చాలా భాగం ఇవే. ఇవి పురుగులు తింటాయి. వాన లేకపోతే పురుగులు పుట్టవు, కరువు దెబ్బ వీటికి రెండు వైపుల నుంచీ తగులుతుంది. ఇవి నోరు తెరిచి నీటి మీద గీత గీసినట్టు ఎగురుతూ తాగుతాయి. అమెరికాలోని కొలరాడోలో నీటిగుంటల దగ్గర చూసినప్పుడు ఒక జాతిలో పాలిచ్చే తల్లులు ఈనని ఆడవాటికన్నా 13 రెట్లు ఎక్కువసార్లు నీళ్ళకు వచ్చాయి. వేడి, కరువు కలిసిన ఏళ్ళలో చూలుతో ఉన్న ఆడవే తగ్గాయి. అంటే కరువు వీటిని చంపకుండానే తగ్గించగలదు, ఈత ఆపేసి. అటువంటి తగ్గుదలకు చెట్టు కింద ఆనవాలు దొరకదు.

మన పక్క కొత్త ప్రమాదం ఫారంపాండ్లు. నల్ల ప్లాస్టిక్ షీటు పరిచిన గుంటలో పడినది ఏదైనా సరే జారుతూనే ఉంటుంది, ఎక్కలేదు. నాలుగు పక్కలా ఒక్కో గోనెపట్టా గానీ కొబ్బరిపీచు చాప గానీ వేలాడదీయండి. పైకొస గట్టు మీద మేకుకు కట్టి, కిందికొసకు రాయి కట్టి, నీళ్ళు బాగా తగ్గిన రోజున కూడా ఇంకో మీటరు మునిగి ఉండేట్టు చూడండి. కొంగలు రాకుండా గుంట మీద పాత చేపలవల పరుస్తారు, అది మాత్రం వద్దు. తాగడానికి దిగిన గబ్బిలం దాంట్లో రెక్క చిక్కి తెల్లారేసరికి చస్తుంది. చిన్నవాటికి 3 మీటర్ల తెరిపి నీళ్ళున్నా సరిపోతుంది, పొడుగు రెక్కల జాతులకు 10 మీటర్లకు పైగా కావాలి. పశువుల తొట్టి అయితే అంచుదాకా నింపి ఉంచాలి, నీళ్ళు కిందికి పోతే వాలి తాగలేవు.

మొరవకట్ట

ఇద్దరికీ దండాలు. సర్కారుతుమ్మ పని పంచాయతీలో పెడతాను. ట్యాంకరు సంగతి ఇంకా తేలలేదు. డ్రిప్పు పైపులకు ఫాగర్లు పెట్టి పొగమంచు మాదిరి నీళ్ళు చల్లితే ఎట్లుంటుంది? తోపులో కరెంటు ఉంది.

బంగారుపాళ్యం తోట

ఫాగర్ల లెక్క చెప్తాను. నాలుగు నోళ్ళ ఫాగర్ 3, 4 బార్ల ఒత్తిడి మీద గంటకు 30 లీటర్లు పోస్తుంది. 20 ఫాగర్లకు గంటకు 600, నాలుగు గంటలకు 2,400 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకరులో సగం. ఒత్తిడి తగ్గితే పొగమంచు రాదు, చుక్కలు కారుతాయి, దాంతో పని జరగదు. బోరునీళ్ళలో సున్నం ఎక్కువ కాబట్టి ఫిల్టరు లేకపోతే నోళ్ళు నాలుగు రోజుల్లో పూడిపోతాయి.

గబ్బిలాల మీదికి గురిపెట్టకండి. 3, 4 మీటర్ల ఎత్తున గుంజలకు కట్టి, మాను చుట్టూ ఉన్న గాలినీ కింది పొదలనూ తడపండి. దిగొచ్చిన వాటికి అక్కడ చల్లగా ఉంటుంది. గుంజలు పాతే పని జనవరిలోనే అయిపోవాలి. పిల్లలు పుట్టాక తోపులో గడ్డపార చప్పుడు చేయకూడదు. మొదలుపెట్టేది పదకొండున్నరకు, అవి ఎగపోయడం మొదలుపెట్టకముందే. కాసేపు చల్లి, తడి ఆరేదాకా ఆపి, మళ్ళీ చల్లాలి. ఉక్కపోత ఉన్న రోజు తడి ఆరదు, అప్పుడు నీళ్ళు చల్లితే మేలు లేదు, కీడే. ఫైరింజను ధార అసలు వద్దు, ఆ దెబ్బకు పిల్లలు ఊడి కింద పడతాయి. మామిడికి మందు కొట్టిన పవర్ స్ప్రేయర్‌ను కడిగినా సరే వాడకూడదు. ఉమ్మి పూసుకునే జంతువు ఒంటి మీది మందునంతా నాకేస్తుంది.

వలల మాట కూడా. పండ్లకు వల వేయాలనుకుంటే వేలు దూరనంత సన్నకన్ను, 5 మిల్లీమీటర్లకు మించనిది, తెల్లది, బిగుతుగా లాగి కట్టాలి. నైలాన్ చేపలవల చెట్టు మీద కప్పితే చిక్కినది బతకదు. గుజ్జు ఫ్యాక్టరీకి పోయే బెంగళూరా (తోతాపురి) మామిడికాయను పండకముందే కోస్తాం కాబట్టి దాంట్లో గబ్బిలం తినేది తక్కువ, చెట్టు మీద పండనిచ్చినదాన్నే అది వెతుక్కుంటుంది. కోత ఆలస్యమైన తోటకే ఆ బాధ.

శేషాచలం నీడ

ఫాగర్ల మీద పై లెక్క అంతా సరైనదే. ఐతే డబ్బు ఒక్కదానికే ఉంటే ఫాగర్లకు పెట్టొద్దంటాను. ఏడాదికి రెండు మూడు రోజుల పని అది, ఆ రోజే కరెంటు పోతే అంతే సంగతి. అదే డబ్బుతో మాను చుట్టూ కింది నీడ పెంచితే ప్రతి ఎండాకాలం పనికొస్తుంది. చాలా తోపుల్లో చింతచెట్ల కింద ఊడ్చినట్టు శుభ్రంగా ఉంచుతారు. పైకొమ్మలు ఎండలో, కింద ఉత్త నేల, గబ్బిలం దిగడానికి చల్లటి చోటే ఉండదు. తోపు అంచున పడమటి వైపు, నైరుతి వైపు రెండు వరసలు కానుగ పెట్టండి. మధ్యాహ్నం తర్వాత వచ్చే ఎండను కోసేది అదే.

మర్రి కొత్తగా పెట్టాలంటే విత్తనం కోసం చూడొద్దు. చేతిమణికట్టు కన్నా లావున్న కొమ్మను 2 మీటర్లు కోసి, పైకోతకు పేడ మెత్తి, 60 సెంటీమీటర్ల గుంటలో సగం ఎర్రమట్టి, సగం చెరువుమట్టి వేసి పాతండి. మన పక్క ఆగస్టు నుంచి అక్టోబరు లోపల పాతితే ఈశాన్య వానలకు వేరు దిగుతుంది. మొదటి వేసవి వారానికి రెండుసార్లు 20 లీటర్లు పోయాలి. మేకలకు అందకుండా ముళ్ళకంప. చెట్టుకు చెట్టుకు 12 మీటర్లు. జువ్వి, మేడి కూడా కొమ్మతో వస్తాయి. ఇవి ఏడాదిలో వేరు వేరు నెలల్లో కాస్తాయి కాబట్టి ఇప్ప, వేప తప్పిన ఏట గబ్బిలాలకు ఆదరువు. ఇప్పచెట్టును వంటచెరకుకు కొట్టనివ్వకండి. రాత్రి పూట ఇప్పపూలకు పుప్పొడి మోసేది ఈ గబ్బిలమే, గింజను దూరం చేర్చేదీ ఇదే. ఒకటి పోతే రెండోదీ తగ్గుతుంది.

ఇక లెక్క. తగ్గడం వేరు, తరలిపోవడం వేరు. ఈ జాతి తిండిని బట్టి కాలనీలు మారుతుంది, కాబట్టి ఒక్క తోపు లెక్క చూసి చచ్చాయని అనకూడదు. పది, పదిహేను కిలోమీటర్ల లోపల ఉన్న మిగతా తోపుల్లో కూడా అదే వారం లెక్కపెట్టిస్తేనే తెలుస్తుంది. పొద్దున ఎనిమిది లోపల, 30, 40 మీటర్ల దూరం నుంచి, 8×42 బైనాక్యులర్‌తో. ముగ్గురు విడివిడిగా, చెట్టుకు ఒక కాగితం, కొమ్మకు ఒక వరస. ముగ్గురి అంకెల మధ్య పదో వంతుకు మించి తేడా ఉంటే ఆ చెట్టు మళ్ళీ లెక్కపెట్టాలి. గుబురు మర్రిలో పగటి లెక్క తక్కువే వస్తుంది. దానికి సాయంత్రం ఎగిరిపోయేటప్పుడు పడమటి ఆకాశం వెలుగు వెనకుండేట్టు నిలబడి పదులుగా లెక్కపెట్టి సరిచూసుకోండి. పొద్దుకుంకిన అరగంట అటూ ఇటూలో మొదలై ముప్పావుగంటలో అయిపోతుంది. తిరిగొచ్చి వాలినవి తీసేయాలి.

నెలలు మార్చకండి. జనవరి, మే, సెప్టెంబరు. జనవరిలో ఈతకు ముందు పెద్దవి ఎన్ని ఉన్నాయో తెలుస్తుంది. మేలో పిల్లలు. సెప్టెంబరులో ఆ పిల్లల్లో మిగిలినవి.

పాత చట్టం మాట ఎవరైనా ఎత్తితే ఇది చెప్పండి. 1972 వన్యప్రాణి చట్టంలో పండ్ల గబ్బిలాలు అయిదో షెడ్యూల్‌లో, అంటే ఎలుకలు, కాకులతో పాటు హానిచేసే జంతువుల జాబితాలో ఉండేవి. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక ఆ జాబితానే లేదు. చంపినా అడిగేవాళ్ళుండరన్నది ఇప్పుడు చెల్లదు.

గోశాల దారి · తిరుపతి

నిపా భయం ఊళ్ళో ఉన్నదే కాబట్టి దాని మీద రెండు మాటలు. కేరళలో 2018 నుంచి వచ్చిన నిపాకు ఈ పెద్ద గబ్బిలమే సహజ ఆశ్రయం, అది నిజం. ఐతే తరిమితే భయం తీరదు. ఆస్ట్రేలియాలో గబ్బిలాల నుంచి గుర్రాలకు వచ్చే హెండ్రా వైరస్ మీద పాతికేళ్ళ వివరాలు కూర్చి 2022లో తేల్చింది ఏమంటే, కరువు తర్వాత అడవిలో పూలు తప్పిన ఏళ్ళలో గబ్బిలాలు చిన్న చిన్న గుంపులుగా చీలి పొలాల దగ్గరికి వచ్చాయి, జబ్బు దాటింది ఆ కాలాల్లోనే. అడవి బాగా పూసిన చలికాలాల్లో దాటలేదు. ఆకలిగొన్న గబ్బిలాన్ని పది ఊళ్ళకు చెదరగొట్టడం కన్నా ఒక్క తోపులో కడుపు నిండా ఉండనివ్వడమే మనకు క్షేమం.

చేయాల్సినవి తేలికైనవే. కొరికిన పండు తినకూడదు, పశువుకూ వేయకూడదు. ఈతచెట్టు, తాటిచెట్టు కల్లుకుండ మూతికీ గీతకూ కలిపి వెదురు దడి గానీ సన్నవల గానీ కట్టాలి. బంగ్లాదేశ్‌లో నిపా ఎక్కువగా వచ్చింది పచ్చి ఈతరసం నుంచే. తోపు కింద మేకల తొట్టి పెట్టొద్దు.

కిందపడిన గబ్బిలాన్ని వట్టిచేత్తో ముట్టుకోవద్దు, బతికున్నా చచ్చినా. పిల్లలకు ఇది గట్టిగా చెప్పాలి. కరిచినా గీరినా సబ్బుతో, పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి పోవాలి. రేబిస్ విషయంలో గబ్బిలం గాటును ప్రపంచ ఆరోగ్య సంస్థ మూడో రకం (అన్నిటికన్నా తీవ్రమైన) గాయంగానే చూస్తుంది, అంటే టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా. బతికున్న పిల్ల దొరికితే మందపాటి తువ్వాలుతో ఎత్తి, గాలికి బెజ్జాలు పెట్టిన అట్టపెట్టెలో వేసి, పట్టుకుని వేలాడడానికి లోపల ఒక గుడ్డ వేలాడదీసి, నీడన పెట్టి అటవీశాఖకు చెప్పండి. ఆవుపాలు, మామిడిరసం నోట్లో పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోయి చస్తుంది. చచ్చినవి చాలా ఉంటే ముట్టుకోకముందే ఫోటో, సమయం, ఏ చెట్టు కింద ఎన్ని అన్నది రాసి పశుసంవర్ధక శాఖకు చెప్పాలి. ఎండలో నాలుగైదు గంటలు పడి ఉన్న శవం నుంచి పరీక్షకు పనికొచ్చేది పెద్దగా ఏమీ మిగలదు, కాబట్టి కబురు ఆలస్యం చేయొద్దు. వాళ్ళు వద్దన్నవాటిని కుక్కలు తవ్వనంత లోతు గుంటలో సున్నం వేసి పూడ్చండి.

మొరవకట్ట

చాలా స్పష్టమైంది. ఇంకొక్కటి. ఎండ కొలవడానికి ఫోనులో చూపే అంకె నమ్మొచ్చా? మేలో పిల్లల లెక్క ఎట్లా పట్టాలి, తల్లి రెక్కలో దాచుకుంటుంది కదా?

శేషాచలం నీడ

ఫోను అంకె పెద్ద ప్రాంతానికి కలిపి వేసిన అంచనా, తోపుది కాదు. గరిష్ఠ కనిష్ఠ థర్మామీటరు ఒకటి కొని, మాను ఉత్తరం వైపు, నేల నుంచి మీటరున్నర ఎత్తున, రోజంతా ఎండ తగలని చోట కట్టండి. ఎండలో కట్టినది గాలివేడి చూపదు, దాని వేడి అదే చూపుతుంది. రోజూ సాయంత్రం ఆరుకు చూసి రాసి, సూచికలు మళ్ళీ మొదటికి తేవాలి. పక్క గడిలో చెరువు నీటిమట్టం. మొరవరాయి మీద అడుగుల గీతలు పెయింటుతో గీస్తే చాలు.

పిల్లల లెక్కకు అన్నిటినీ చూడాల్సిన పని లేదు. మే మొదటివారం పొద్దున ఏడుగంటలకు, ఎండపొడ తగిలి రెక్కలు విప్పి ఒళ్ళు గోక్కునే వేళ, పొట్ట స్పష్టంగా కనబడిన ఆడవాటిని యాభై చూడండి. మగదాని అంగం వేలాడేటప్పుడు దూరం నుంచే కనబడుతుంది కాబట్టి వాటిని వదిలేయడం తేలిక. ఆడదానికి చంకల దగ్గర చన్ను ఉబ్బి, చుట్టూ బొచ్చు పోయి ఉంటే పాలిస్తున్నట్టు. పిల్ల రెక్కలో ఉంటే రెక్క అంచు ఒక పక్క ఉబ్బెత్తుగా ఉంటుంది, సాధారణంగా వెనకకాలి గోళ్ళో, తల కొసో బయటికి కనబడతాయి. చన్ను ఉబ్బి ఉండి పిల్ల లేని తల్లిని వేరే గడిలో రాయండి. ఎండకో ఆకలికో పోయిన పిల్లల లెక్క ఆ గడిలోనే దొరుకుతుంది. మే నెలాఖరు నుంచి పిల్లలు తల్లిని వదిలి పక్కన విడిగా వేలాడతాయి. రోహిణి కార్తెలో లెక్కపెడితే ఏ పిల్ల ఏ తల్లిదో తెలియక అంకె తప్పుతుంది, అందుకే మొదటివారమే.